మెట్లు దాటిన గమకం

మాండలిన్ తీగను ఒక్కసారి మీటి చెయ్యి తీసేస్తే, ఖంగుమని లేచిన నాదం చూస్తుండగానే సన్నగిల్లి ఆగిపోతుంది. వయొలిన్‌కు కమాను ఉంది, లాగినంతసేపూ స్వరం నిలుస్తుంది. నాగస్వరానికి మనిషి ఊపిరి ఉంది. మాండలిన్‌కు ఈ రెండూ లేవు. పైగా దాని మెడ మీద లోహపు మెట్లు వరసగా బిగించి ఉంటాయి. మెట్టుకూ మెట్టుకూ మధ్యనుండే స్వరభేదాలకు ఆ అమరికలో చోటు లేదు. కర్ణాటక సంగీతం ప్రాణమంతా ఆ మధ్యనే ఉంది. తోడి రాగంలో గాంధారం ఒకచోట కుదురుగా నిలబడదు. కింది రిషభాన్నీ పై మధ్యమాన్నీ తాకుతూ ఊగుతుంటేనే అది తోడి గాంధారం. స్వరాన్ని ఇలా ఊపి, జార్చి పలికించడమే గమకం. నాదం నిలవని, మెట్లు కదలని ఇంత చిన్న వాద్యం మీద అలాంటి స్వరాన్ని పలికించడం అయ్యే పనిలా కనిపించదు. పాలకొల్లు కుర్రవాడొకడు పలికించాడు. ఆ పనితనం ఎలాంటిదో కాస్త దగ్గరగా చూద్దాం.

ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో పుట్టారు. తండ్రి సత్యనారాయణ గారు క్లారినెట్ విద్వాంసులు. ఆరేళ్ల వయసులో పిల్లవాడు ఇంట్లో ఉన్న మాండలిన్ పట్టుకున్నాడు. ఆసక్తి గమనించిన తండ్రి మొదటి పాఠాలు తానే చెప్పి, తర్వాత తన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి అప్పగించారు. సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. పాట తెలిసిన మనిషి. మాండలిన్ వాయించడం మాత్రం ఆయనకు రాదు. అందుకని పాఠం ఇలా సాగేది: గురువు పాడేవారు, శిష్యుడు విని ఆ పాటను తీగల మీదికి తెచ్చుకునేవాడు.

శ్రీనివాస్ వాదనలోని విశేషమంతా ఈ పాఠం తీరులోనే ఉందని నా నమ్మకం. మాండలిన్ తెలిసిన గురువైతే ఏ స్వరానికి ఏ వేలు, ఏ మెట్టు అని ముందే చూపించేవారు. వాద్యానికి సులువుగా వచ్చేదేదో శిష్యుడికి అదే అలవాటయ్యేది. ఇక్కడ అలా జరగలేదు. గురువు గొంతుకు మెట్లు లేవు. ఆ గొంతు జారుతుంది, ఊగుతుంది, ఒక స్వరాన్ని అంటీ అంటకుండా తాకి వెనక్కి వస్తుంది. విన్నది విన్నట్టు రావాలి కాబట్టి, దారి ఏదన్నది ఆ పసివేళ్లే వెతుక్కోవాలి. వాద్యం ఇంతవరకే ఇస్తుందని అడ్డు చెప్పేవాళ్లు లేకపోవడం ఆ పిల్లవాడికి కలిసొచ్చింది.

ఇక వాద్యం సంగతి. మామూలు మాండలిన్‌కు ఎనిమిది తీగలు, అవి నాలుగు జంటలు. ప్రతి జంటలోని రెండు తీగలకూ ఒకే శ్రుతి. రెండూ కలిసి మోగుతాయి కనుక శబ్దం నిండుగా ఉంటుంది. పాశ్చాత్య బాణీకి అది చక్కగా సరిపోతుంది. గమకం దగ్గరికి వచ్చేసరికి ఆ జంటే అడ్డం. తీగను పక్కకు లాగితే శ్రుతి పెరుగుతుంది. వీణ మీద గమకానికి ఆధారం అదే. జంట తీగలను ఒకే వేలితో, రెండింటి శ్రుతీ వెంట్రుకవాసి తేడా లేకుండా లాగడమంటే, జోడెద్దుల్లో ఒకటి ముందుకూ ఒకటి వెనక్కూ పోకుండా మెట్ట సాలులో తిప్పడం లాంటిది. శ్రీనివాస్ ఆ జంటలను వదిలేశారు. ఐదు ఒంటి తీగలున్న ఎలక్ట్రిక్ మాండలిన్‌ను తన వాద్యం చేసుకున్నారు. ఒంటి తీగ వేలి మాట వింటుంది. విద్యుత్తు తోడవడంతో సన్నని నాదం కూడా సభ చివరి వరసకు వినబడుతుంది, సన్నగిల్లుతున్న స్వరం చివరి అంచు వరకూ పనికొస్తుంది. ఈ రెండు మార్పులూ గమకం కోసమే చేసినట్టు ఉంటాయి.

ఎడమ చేతి పని వినేటప్పుడు మీటు ఎక్కడ పడుతోందో, ఎక్కడ పడటం లేదో గమనించాలి. కొత్తగా నేర్చుకునేవారు ప్రతి స్వరానికీ ఒక మీటు వేస్తారు. అప్పుడు పాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది. గాయకుడు ఒక్క అక్షరాన్ని పట్టుకుని నాలుగైదు స్వరాల మీదుగా నడిపిస్తాడు. శ్రీనివాస్ ఆలాపనలోనూ అదే నడక. ఒక మీటు, ఆ నాదం ఆరిపోయేలోగా ఎడమ చేతి వేలు జారుతూ, తీగను లాగుతూ, వదులుతూ పలికించే స్వరాల గుత్తి, ఆ తర్వాతే మరో మీటు. జారు అంటే ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి తెగకుండా జారడం. మెట్లున్న మెడ మీద వేలు వడిగా జారితే మధ్యలోని మెట్లన్నీ టకటక వినబడాలి. ఆయన జారులో ఆ గరుకు వినబడదు. కంపితంలో వేలు తీగను లాగి వదిలే వేగం రాగాన్ని బట్టి మారుతుంది. తోడికి ఒక ఊపు, భైరవికి ఇంకొకటి. వాద్యం చిన్నది కావడం వల్ల మెట్ల మధ్య ఎడం తక్కువ. వేలు ఏమాత్రం దారి తప్పినా అపస్వరం పలుకుతుంది. ఆ ఇరుకునే ఆయన వేగానికి వాడుకున్నారు. అప్పటికప్పుడు అల్లే కల్పనస్వరాల్లో, కుడి చేతిలోని మీటే బిళ్ల పైకీ కిందికీ ఎంత వడిగా ఆడినా ఒక స్వరం ఇంకొక స్వరాన్ని మింగదు. ప్రతిదీ దేనికదే విడిగా మెరుస్తుంది.

1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవంలో ఆయన మొదటి కచేరీ జరిగింది. అప్పటికి తొమ్మిదేళ్లు. 1981లో మద్రాసు ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదిక ఎక్కారు. అంతవరకూ మనవాళ్లకు మాండలిన్ అంటే సినిమా పాట వెనక వినిపించే తళుకు. ఈ పిల్లవాడు దాన్ని కచేరీ మధ్యలో కూర్చోబెట్టి, మృదంగాన్నీ వయొలిన్‌నూ పక్కవాద్యాలుగా పెట్టుకుని, త్యాగరాజ కృతులు వాయించాడు. వయొలిన్‌ కూడా బయటి నుంచి వచ్చిందే. బాలుస్వామి దీక్షితులు దాన్ని మన సంగీతానికి అలవరిచి రెండు వందల ఏళ్లు దాటింది. ద్వారం వెంకటస్వామినాయుడు గారి నాటికి అది పూర్తిగా మనదైపోయింది. మాండలిన్ విషయంలో అంత దూరాన్నీ ఒక మనిషి తన ఒక్క జీవితంలో నడిచాడు.

ఈ పనితనం విలువ ఇంకా బాగా తెలియాలంటే మాండలిన్ దగ్గరి చుట్టాన్ని ఒకదాన్ని చూడాలి. అది ఐర్లండ్‌లోని టెనర్ బ్యాంజో. బ్యాంజో మూలం ఆఫ్రికాది. బానిసలుగా అమెరికా చేరిన ఆఫ్రికన్ల చేతుల్లో రూపుదిద్దుకుని, అక్కడి నుంచి లోకమంతా తిరిగింది. గుండ్రని చట్రం మీద చర్మం బిగించి ఉంటుంది కనుక దాని నాదం మాండలిన్ కంటే కూడా త్వరగా ఆగిపోతుంది. డబ్లిన్ కళాకారుడు బార్నీ మెకెన్నా (1939–2012) 1962లో మొదలైన ది డబ్లినర్స్ బృందంలో ఈ నాలుగు తీగల వాద్యాన్ని వాయించి దానికి పేరు తెచ్చారు. ఆయన వాడిన జి, డి, ఎ, ఇ శ్రుతి ఐర్లండ్‌లో స్థిరపడిపోయింది. మాండలిన్ శ్రుతి కూడా అదే, బ్యాంజోది ఒక స్థాయి కింద. రెండింట్లోనూ పక్క పక్క తీగల మధ్య దూరం మన షడ్జానికీ పంచమానికీ మధ్య ఉన్న దూరమే.

ఐరిష్ వాళ్లు బ్యాంజో మీద ఎక్కువగా వాయించేవి రీళ్లు. రీల్ అంటే నాట్యానికి వాయించే వడిగల బాణీ. సాధారణంగా రెండు భాగాలు, ఒక్కో భాగం ఎనిమిది ఆవర్తాలు. ఒక్కో దాన్ని రెండేసి సార్లు వాయిస్తే 32 ఆవర్తాలతో ఒక చుట్టు పూర్తవుతుంది. ఒక రీల్‌ను కొన్ని చుట్లు వాయించి, ఆగకుండా రెండో రీల్‌లోకి దూకుతారు. ఫిడేలు, వేణువు వాయించేవాళ్లు ఒక పొడుగు స్వరం చుట్టూ పక్క స్వరాలను మెలిపెట్టి అలంకరిస్తారు. బ్యాంజో మీద నాదం నిలవదు కాబట్టి ఆ మెలిక రక్తి కట్టదు. అక్కడివాళ్లు దీనికి జవాబు కుడి చేతిలో వెతికారు. ఒక స్వరం ఉండాల్సిన చోట మూడు చిన్న మీటులు తటతటమని వేస్తారు. ది మేసన్స్ ఏప్రన్ అనే రీల్‌లో మెకెన్నా వేళ్లు ఈ ముమ్మీటును ఎంత తేలిగ్గా వేస్తాయో వింటే, వాద్యం లోపమే వాద్యానికి అందమైన తీరు తెలుస్తుంది.

రెండు చోట్లా సమస్య ఒకటే: మీటిన నాదం నిలవదు. ఐర్లండ్ చేతులు మీటులు పెంచి ఆ ఖాళీని లయతో నింపాయి. శ్రీనివాస్ మీటులు తగ్గించి ఆ ఖాళీని గమకంతో నింపారు. నాట్యం వెంట నడిచే సంగీతానికి మొదటిది తగిన జవాబు. పాట వెంట నడిచే సంగీతానికి రెండోది తగిన జవాబు. వాద్యం ఏమివ్వగలదని కాక, సంగీతం ఏమి అడుగుతోందని ఆలోచించినవాళ్లకే ఇలాంటి జవాబులు దొరుకుతాయి.

ఇంకో పోలిక నన్ను మరీ ఆకట్టుకుంది. ఐరిష్ బాణీలు ముఖ్యంగా చెవితోనే చేతులు మారాయి. చికాగో పోలీసు అధిపతిగా పనిచేసిన ఫ్రాన్సిస్ ఓనీల్ 1903లో 1850 బాణీలతో పెద్ద సంకలనం వేశారు. అలాంటి పుస్తకాలు వచ్చాక కూడా, పదిమంది గుండ్రంగా కూర్చుని వాయించే కూటాల్లోనే అసలు చదువు సాగుతోంది. ఒకరు ఎత్తుకుంటారు, తెలిసినవాళ్లు కలుస్తారు, తెలియనివాళ్లు వింటారు. మళ్లీ వచ్చినప్పుడు ఇంకాస్త కలుస్తారు. అదే బాణీని రెండో చుట్టులో ఎవరికి వారు కొద్దిగా మార్చి వాయించడం అక్కడి మర్యాద. త్యాగరాజు కృతుల్లో పల్లవి ఒక్కొక్క సంగతిగా విచ్చుకోవడం తెలిసిన మనకు ఈ పద్ధతి కొత్త కాదు.

చెవి చదువు మా పల్నాటికీ కొత్త కాదు. ఏటా కార్తీక మాసంలో కారంపూడి వీరుల ఉత్సవాల్లో వీరవిద్యావంతులు పాడే పల్నాటి కథ తరతరాలుగా నోటి నుంచి చెవికి వచ్చిందే. ఆలిసెట్టి గాలెయ్య పాడగా అమెరికా పరిశోధకుడు జీన్ రోఘెయిర్ రికార్డు చేసి అనువదించిన ఆ కథ 1982లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురణగా వెలువడింది. పుస్తకం వచ్చింది కదా అని పాట ఆగలేదు. కాగితం కథను కాపాడుతుంది. దాని ఊపునూ విరుపునూ కాపాడేది మాత్రం వినే చెవే. పాలకొల్లు గురువు, డబ్లిన్ కూటం, కారంపూడి విద్యావంతుడు ముగ్గురూ నమ్మింది దీన్నే.

విన్నదాన్ని తన దగ్గరే దాచుకుంటే ఈ చదువు పూర్తి కాదు. శ్రీనివాస్ దాచుకోలేదు. తమ్ముడు రాజేష్‌కు నేర్పి, వేదిక మీద పక్కన కూర్చోబెట్టుకున్నారు. చెన్నైలో సంస్థ పెట్టి శిష్యులను తయారు చేశారు. కెనడా సంగీతకారుడు మైఖేల్ బ్రూక్‌తో కలిసి 1995లో డ్రీమ్ అనే ఆల్బమ్ చేశారు. జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌లతో రిమెంబర్ శక్తి బృందంలో దేశదేశాల్లో వాయించారు. ఆ వేదికల మీద జాజ్ గిటార్ పక్కన కూర్చున్నప్పుడు కూడా ఆయన మాండలిన్ కర్ణాటక రాగాన్నే పలికింది. అవతలివారి మాట వింటూ తన మాట తాను మాట్లాడటం ఎలాగో ఆ రికార్డింగుల్లో వినవచ్చు. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014 సెప్టెంబర్ 19న, 45 ఏళ్లకే, చెన్నైలో కన్నుమూశారు. ఆయన లేని లోటు చిన్నది కాదు. ఆయన వేసిన దారి మాత్రం శిష్యుల చేతుల్లో నడుస్తూనే ఉంది.

గుంటూరు, మాచర్ల, సికింద్రాబాద్ దారులు కలిసే మా నడికుడి జంక్షన్ చుట్టుపక్కల ఊళ్లలో మాండలిన్ గురువు దొరకడం కష్టమే. అంతమాత్రాన నేర్చుకోవాలనుకునే పిల్లలు నిరాశపడనక్కర్లేదు. శ్రీనివాస్‌కు పాఠం చెప్పిన గురువుకూ మాండలిన్ రాదు. ఊళ్లో భజనలో శ్రుతిశుద్ధంగా పాడేవాళ్లుంటే వాళ్ల దగ్గర కూర్చోండి. శాస్త్రీయంగా చదవాలనుకుంటే విజయవాడలో ఘంటసాల వెంకటేశ్వరరావు ప్రభుత్వ సంగీత కళాశాల ఉంది. గుంటూరు మీదుగా రైల్లో వెళ్లిరాదగ్గ దూరమే. ముందు ఒక చిన్న కీర్తన గొంతుతో పాడటం నేర్చుకోండి. అది నోటికి వచ్చాకే తీగ మీటండి. శ్రీనివాస్ తోడి ఆలాపన ఒకటి తీసుకుని, ఎన్ని స్వరాలు ఒక్క మీటులో పలుకుతున్నాయో చెవిపెట్టి వినండి. ఆ వెంటనే మెకెన్నా రీల్ ఒకటి వినండి. మీకు ఒక పల్లవి వచ్చిన రోజునే దాన్ని పక్కింటి పిల్లకు నేర్పండి. నేర్పడం మొదలుపెట్టినవాళ్లకే తాము నేర్చుకున్నది ఎంతో తెలుస్తుంది.