యాభైలో ఏడవది

పెళ్లి పత్రికలు, గుడ్డసంచులు అచ్చేసే స్క్రీన్ ప్రింటింగ్ అంగడి తిరుత్తణిలోనూ ఉంది, తిరువళ్ళూరులోనూ ఉంది. లోపల జరిగే పని మనకు ఎంత మామూలైపోయిందంటే, అదే పద్ధతిలో తయారైన జపాన్ చిత్రాన్ని చూపించి ఇది అసలు కళాఖండమే అంటే చాలామంది నమ్మరు. ‘అచ్చేసింది గదా, అసలెట్లా అవుతుంది?’ అంటారు. మధ్యతరగతి ఇంటి గోడకు మంచి చిత్రం దక్కకుండా అడ్డుపడుతున్నది ఈ అనుమానమే అని నా నమ్మకం.

పని తీరు చూస్తే అనుమానం నిలవదు. చెక్క చట్రానికి సన్నని మెష్ గుడ్డ బిగించి (ఇదే తెర), దానిమీద వెలుగు తగిలితే గట్టిపడే రసాయనం పూస్తారు. బొమ్మ గీసిన ఫిల్మ్ పెట్టి వెలుతురు చూపిస్తే, నల్ల గీతల కింద ఉన్న రసాయనం మాత్రం మెత్తగానే ఉండిపోయి కడిగితే పోతుంది. అలా తెరుచుకున్న చోటి నుంచే ఇంకు కాగితం మీదికి దిగుతుంది. పైనుంచి స్క్వీజీ అనే రబ్బరు బద్దతో ఒక్క లాగు లాగాలి. ఒక రంగుకు ఒక తెర. ఇరవై రంగుల చిత్రమైతే ప్రతి కాగితమూ ఇరవై సార్లు తెర కిందికి వెళ్ళాలి, ఇరవై సార్లు ఆరాలి, ప్రతిసారీ వెంట్రుకవాసి తేడా లేకుండా అదే చోట కూర్చోవాలి. పద్దెనిమిదో రంగు దగ్గర కాస్త జరిగినా ఆ కాగితం పోయినట్టే.

జపాన్‌లో ఈ విద్యకు పాత పునాది ఉంది. ఇసె ప్రాంతపు పనివాళ్ళు నారకాగితాలను పెర్సిమన్ కాయల పసరుతో ఒకదానిమీదొకటి అతికించి, కత్తితో సన్నని నమూనాలు కోసేవారు. వాటి మీదుగా బియ్యప్పిండి జిగురు గుడ్డకు పట్టించి, ఆపైన రంగు అద్దేవారు. కోసిన భాగాలు కదలకుండా మధ్యలో పట్టు దారాలు పరిచేవారు. ఇంగ్లండులో అయితే 1907లో మాంచెస్టర్‌లో శామ్యూల్ సైమన్ పట్టు తెర అచ్చుకు పేటెంట్ తీసుకున్నాడు. జపాన్‌లో సెరిజావా కెయ్‌సుకే ఆ పాత కోత అద్దకాన్నే చేతికాగితం మీదికి తెచ్చి క్యాలెండర్లు చేశాడు. 1956లో ఆయనను జపాన్ ప్రభుత్వం సజీవ జాతీయ సంపదగా గుర్తించింది. అయ్-ఓ అనే చిత్రకారుడు ఇంద్రధనుస్సు రంగులనే తన జీవితకాలపు విషయంగా చేసుకుని, స్క్రీన్ మీద వాటిని వరసకట్టి నిలబెట్టాడు.

అయితే అచ్చుచిత్రం గొప్పతనం తెలియడానికి మనం జపాన్ దాకా పోనక్కరలేదు. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లాలోనే ఉండేది. ఆ జిల్లా నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి ప్రపంచ ముద్రణ కళ దారినే మార్చాడు. శాంతినికేతన్‌లో చదివి, మద్రాసు కళాక్షేత్రలో పనిచేసి, లండన్ మీదుగా పారిస్ చేరి, హేటర్ నడిపే అటెలియే 17 అనే ముద్రణశాలలో కుదురుకున్నాడు. ఆయనది తెర కాదు, లోహపు పలక. శిల్పి కూడా కాబట్టి పలకను రకరకాల లోతులకు చెక్కాడు. కైకో మోతీ వంటి సహచరులతో కలిసి అక్కడ సాధించిన కిటుకు ఇది: ఇంకులో అవిసె నూనె పెంచితే పలచన, తగ్గిస్తే చిక్కన, రవ్వదోసె పిండికీ ఇడ్లీ పిండికీ ఉన్న తేడా అనుకోండి. పలచని రంగును గట్టి రోలరుతో దొర్లిస్తే ఎత్తైన చోట్లకే అంటుతుంది. తర్వాత చిక్కని రంగును మెత్తని రోలరుతో అదిమి దొర్లిస్తే అది లోతుల్లోకి దిగుతుంది, నూనె ఎక్కువున్న మొదటి రంగు మీద మాత్రం నిలవదు. రంగులన్నీ ఒకే పలక మీద, ఒకే ఒక్క అచ్చులో కాగితం మీదికి వస్తాయి. 1963 నాటి ‘వర్ల్‌పూల్’ చూస్తే సుడి తిరిగే నీళ్ళలో రంగులు ఒకదాని ఒడిలో ఒకటి కూర్చున్నట్టుంటాయి. 1972లో పద్మశ్రీ అందుకున్న ఈ మన పాత జిల్లా మనిషి పేరు మన బడుల్లో వినిపించకపోవడం నాకు బాధగా ఉంటుంది.

అచ్చుచిత్రం ధర ఎందుకు తక్కువో కూడా ఈ పని తీరులోనే తెలుస్తుంది. తైలవర్ణ చిత్రం శ్రమంతా ఒక్క కొనుగోలుదారుడే భరించాలి. అచ్చుచిత్రం శ్రమను యాభైమంది పంచుకుంటారు. అందుకే కొత్త కళాకారుల ముద్రలు కొన్ని వేల రూపాయలకే దొరుకుతాయి. బొమ్మ కింద పెన్సిలుతో 7/50 అని ఉంటే యాభై ప్రతుల్లో ఏడవదని అర్థం. కుడివైపు సంతకం ఉంటుంది. స్క్రీన్ ముద్రలో ఒకటో ప్రతికీ యాభయ్యో ప్రతికీ విలువలో తేడా పెట్టుకోనక్కరలేదు. సూదితో గీకిన రాగిపలక సంగతి వేరు. అది అరుగుతుంది కాబట్టి తొలి ప్రతులే బాగుంటాయి. కొనేముందు భూతద్దం పెట్టి చూడండి. క్యాలెండరు అచ్చులో నాలుగు రంగుల చుక్కలు కనిపిస్తాయి. మంచి స్క్రీన్ ముద్రలో రంగు నిండుగా పరుచుకుని ఉంటుంది, వెలుగును ఏటవాలుగా పడనిస్తే అంచుల దగ్గర కాస్త ఎత్తు తెలుస్తుంది.

నీటిరంగుల చిత్రానికి జోడీ ప్రతి ఉండదు, అయినా కాగితం పని కాబట్టి చాలాసార్లు అందుబాటు ధరే. వడ్డాది పాపయ్య బొమ్మలను ‘యువ’ పత్రిక పుటల నుంచి కత్తిరించి దాచుకున్న ఇళ్ళు మనకు కొత్త కావు. అసలు నీటిరంగులో తెలుపు చాలావరకు పూసింది కాదు, వదిలిపెట్టిన కాగితమే. ఆ వదిలిన చోట్లు చూస్తే చేయి ఎంత నమ్మకంగా కదిలిందో తెలుస్తుంది.

ఎక్కడ కొనాలంటారా? తిరువళ్ళూరులో లోకల్ రైలెక్కితే చెన్నై ఎంత దూరం? ఎగ్మోరులో ప్రభుత్వ లలితకళల కళాశాల, గ్రీమ్స్ రోడ్డులో లలిత కళా అకాడమీ ఉన్నాయి. పనిచేసేవాళ్ళను చూసి, వాళ్ళతో మాట్లాడి కొనడం మేలు.

తెచ్చిన చిత్రాన్ని దేవుడి పటాలు కట్టే అంగడికే ఇవ్వవచ్చు, కానీ ముందే చెప్పాలి: ‘అన్నా, దీన్ని అట్టకు గమ్ముతో అతికించొద్దు, సెల్లోటేపు వద్దు, అద్దం బొమ్మకు తగలకుండా చుట్టూ మౌంటు పెట్టు.’ మౌంటు ఆమ్లం లేని కాగితమైతే మంచిది. మామూలు అట్ట కొన్నేళ్ళకు పసుపు మచ్చ దింపుతుంది. పడమటి ఎండ పడే గోడకు మాత్రం తగిలించకండి.