యంత్రము కాని కారు

ఋత్విక్ ఘటక్ 1958లో తీసిన ‘అజాంత్రిక్’ అను వంగ చిత్రమున ‘జగద్దళ్’ పేరునకు పాత షెవర్లే టాక్సీ, నిజమునకు కథానాయిక. డ్రైవరు బిమల్ దానితో మాటలాడును, దానిపై అలుగును. చూచువారు పిచ్చివాడందురు. మేమట్లనజాలము. జె.సి. రోడ్డున స్పేరు పార్టులు వెదకి తెచ్చి, బళేపేట సందులలో అంబాసిడరును బిడ్డవలె సాకిన కుటుంబములు మనలో లేవా? 2014లో దాని తయారీ నిలిచినది. గుజరివాడు తూకపు ధర చెప్పునప్పుడు ఇంటిపెద్ద లోనికి పోవుటను మేమెఱుగుదుము. పిల్లలకది చాదస్తము.

ఓరావ్‌ల నృత్యఘట్టములు, మా దృష్టిలో, కొంత సాగినవి. అయినను, ఇనుపముక్కలుగా అమ్ముడైన జగద్దళ్ హారనుతో ఆడుకొను పసివానిని చూచి, ఏడ్చుచున్న బిమల్ నవ్వును. ఆ నవ్వుకొఱకైనను పిల్లలతో కూర్చుండి ఈ చిత్రమును చూడుడు.