కణములోని ముడులు, గదిలోని మనుష్యులు

జీవకణమును విడివిడి భాగములుగా విప్పి చూచుట ఇరువదవ శతాబ్దపు జీవశాస్త్రము సాధించిన ఘనకార్యము. విప్పిన భాగములు కూడి ఎట్లు పనిచేయునో తెలిసికొనుట వ్యవస్థా జీవశాస్త్రమునకు పని. హార్వర్డు వైద్య పాఠశాలలో ఇందుకొక శాఖ 2003లో వెలసినది. మన హైదరాబాదు విశ్వవిద్యాలయములోను వ్యవస్థా, గణన జీవశాస్త్రమునకు ప్రత్యేక శాఖ కలదు. ఇట్టి శాఖల విద్యార్థులకు అక్కరకు వచ్చు పాఠ్యగ్రంథములలో ఉరి ఆలన్ రచించిన వ్యవస్థా జీవశాస్త్ర పరిచయము (2006) పేరుపొందినది. ఇజ్రాయేలులోని వైజ్‌మన్ సంస్థకు చెందిన ఈ రచయిత మొదట భౌతికశాస్త్రము చదివినవాడు.

ఇ. కోలై అను సూక్ష్మజీవి జన్యువులు ఒకదాని నొకటి అదుపుచేయు తీరును పటముగా గీచినచో కొన్ని చిన్న ముడులు మాటిమాటికి కనబడును. గ్రంథమునకు ప్రాణము ఈ ముడులే. ఒక ముడిలో మూడు జన్యువులుండును. మొదటిది రెండవదానిని లేపును. ఆ రెండును కలిసినగాని మూడవది మేల్కొనదు. కనుక సంకేతము క్షణకాలము వచ్చిపోయినచో మూడవది కదలదు, నిలిచిననే కదలును. సంకేతము పోయినప్పుడు మాత్రము తడవు లేక ఆగును.

కడప జిల్లా చక్రాయపేట ప్రాంతపు మెట్టరైతునకు ఇది క్రొత్త సంగతి కాదు. ఒక జల్లు పడినంత మాత్రమున అతడు వేరుసెనగ విత్తడు. నేల పదునైనదా అని చూచును. వానయు పదునును కూడినగాని గొర్రు కదలదు. తొందరపడినచో విత్తనకాయల ఖరీదు మట్టిపాలగును. అక్కరలేని ప్రోటీనును తయారుచేయు కణమునకు కలుగు నష్టము అట్టిదే. అరబినోసు అను చక్కెరను వాడుకొను జన్యువులలో ఈ ఆలస్యమును ఆలన్ బృందము 2003లో ప్రయోగపూర్వకముగా కొలిచి చూపినది. సమీకరణమునకు భయపడు జీవశాస్త్ర విద్యార్థిని ఇంత మెల్లగా చేయిపట్టి నడిపించు పుస్తకములు అరుదు.

కాని ఉదాహరణములలో పెక్కు ఆ సూక్ష్మజీవివే. మంచి ఆహారమున్నచో అది ఇరువది నిమిషములలో రెట్టింపగును. నేడు తప్పిన ప్రయోగమును రేపు మరల చేయవచ్చును. వేరుసెనగకు ఆ వెసులుబాటు లేదు. దాని 40 క్రోమోసోములలో రెండు పూర్వజాతుల సంపద కలిసియున్నది. పెక్కు జన్యువులకు జంట ప్రతులు. ఆ పూర్వజాతుల జన్యుక్రమములు 2016లోను, సాగు వేరుసెనగది 2019లోను వెలువడినవి. అంత చిక్కుపటములో ముడులు ఇంత శుభ్రముగా విడివడునా? ఈ ప్రశ్నపై గ్రంథము నిలువవలసినంత సేపు నిలువదు.

పరిశోధక బృందమును ఉత్సాహముతో నడుపుటను గూర్చి ఆలన్ 2010లో ‘మాలిక్యులర్ సెల్’ పత్రికలో ఒక చిన్న వ్యాసము వ్రాసెను. వారపు సమావేశములో మొదటి అరగంట శాస్త్రేతర విషయములకు, పుట్టినరోజులకు, లోకవార్తలకు విడువవలెనని అందలి సలహా. ఇది కేవలము సరదా కాదు. ఈ శాస్త్రములో గణితజ్ఞునికి ప్రయోగశాల తెలియదు, ప్రయోగశాలలోని వానికి గణితము తెలియదు. ఒకరినొకరు అడుగుటకు వెరచినచో పనియే సాగదు.

ఐతే అందరికిని ఒక భాష వచ్చునని వ్యాసము తలచినట్లున్నది. చక్రాయపేట మండలపు పల్లెలో తెలుగున చదువుకొని, కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయములో పట్టము పొంది, హైదరాబాదు చేరు ఒక అమ్మాయిని ఊహింపుడు. సమీకరణములు, జీవశాస్త్ర పరిభాష, ఇంగ్లీషు సంభాషణ మూడును ఆమె ఒకమారే నేర్వవలెను. ఆ అరగంట ఇంగ్లీషు పిచ్చాపాటి ఆమెకు విశ్రాంతి కాదు, మరొక పరీక్ష. ఆమె మౌనమును తెలివితక్కువగా ఎంచుట ఎంత సులభము! అంతయు తెలుగులో జరుపుడనుటయు కుదరదు. కేంద్రీయ విశ్వవిద్యాలయమున ప్రక్క కుర్చీలో కేరళ విద్యార్థియో, ఒడిశా విద్యార్థియో ఉండును.

ఆశ్చర్యమేమన, ఈ లోపమునకు మందు ఆలన్ గ్రంథములోనే ఉన్నది. ఆయన ముడులన్నియు బాణములతో గీచిన బొమ్మలు. వానికి భాష అక్కరలేదు. ఆ అరగంటలో ఒకరు నల్లబల్లపై బాణములు గీయవచ్చును, ప్రక్కవారు దానిని తమ ఊరి ఉదాహరణముతో చెప్పవచ్చును. అధ్యాయముల చివరనున్న అభ్యాసములు సైతము ఇట్లు నలుగురు కూర్చుండి చేయదగినవే.