మంత్రిని ఇచ్చి మొదలుపెట్టిన పని

మా ఊరి రచ్చబండ మీద నేర్చుకున్న చదరంగంలో మంత్రి పోతే ఆట పోయినట్టే. ఆ లెక్క చెరిపేసిన ఆట దుబాయిలోనే, నేనుండే కరామా నుంచి మెట్రో ఎక్కితే చేరేంత దూరంలో జరిగింది. 2021 డిసెంబరు 3, శుక్రవారం. ఎక్స్‌పో 2020 ప్రాంగణంలో మాగ్నస్ కార్ల్‌సన్, ఇయాన్ నెపోమ్నియాషీల ప్రపంచ చాంపియన్‌షిప్ పోరులో ఆరో ఆట. అంతకుముందు అయిదూ డ్రా. సాయంత్రం నాలుగున్నరకు కూర్చున్నవాళ్లు లేచేసరికి అర్ధరాత్రి దాటింది. 7 గంటల 45 నిమిషాలు, 136 ఎత్తులు. 1978లో కార్పోవ్, కోర్చ్‌నోయ్ ఆడిన 124 ఎత్తుల రికార్డు ఆ రాత్రి చెరిగిపోయింది. ఫోన్లో ఆనంద్ వ్యాఖ్యానం వింటూ నేనూ చివరిదాకా మేలుకున్నాను.

26వ ఎత్తులో, తెల్లవైపు ఆడుతున్న కార్ల్‌సన్ మంత్రిని ఇచ్చి రెండు ఏనుగుల్ని పుచ్చుకున్నాడు. ఆ తర్వాత గడియారం తరుముతుంటే ఇద్దరూ తడబడ్డారు. 33వ ఎత్తులో గెలుపు దారి కార్ల్‌సన్ చేతికి అందినట్టే అంది జారిపోయింది. ఆ సంగతి దాచిపెట్టి ఈ ఆటను పొగడటం నాకిష్టం లేదు.

నేను మళ్లీ మళ్లీ వెళ్లి ఆగేది 80వ ఎత్తు దగ్గర. నల్లరాజు పక్కన ఎఫ్-7లో ఒక బంటు. తెల్ల ఏనుగు వెళ్లి దాన్ని కొట్టి తానూ చచ్చింది. చంపిన రాజు ఆ గడిలోకి వచ్చాడు. వెంటనే రెండో ఏనుగు బి-7కు వచ్చి చెక్ చెప్పింది. అదే అడ్డవరుసలో దానికి ఒక పక్క రాజు, రెండో పక్క శకటం. రాజు తప్పుకోక తప్పదు, శకటం పోక తప్పదు.

ఇక మిగిలినవి తెల్లవైపు ఏనుగు, గుర్రం, మూడు బంట్లు. నల్లవైపు మంత్రి, ఒక బంటు. తోడులేని మంత్రి చేయగలిగేవి రెండే: చెక్ చెప్పడం, దిక్కులేని పావును పట్టుకోవడం. అందుకే కార్ల్‌సన్ దేన్నీ దిక్కులేకుండా వదల్లేదు. గుర్రాన్ని బంటు కాస్తుంది, బంటును ఏనుగు కాస్తుంది, వాటి చాటున రాజు. బంటుకు వెనకడుగు లేదు కాబట్టి మిగతావన్నీ కుదురుకున్నాకే దాన్ని ఒక గడి జరిపేవాడు. అలాగని ఊరికే కూర్చోవడానికీ లేదు. బంటు కదలకుండా, పావు చావకుండా 50 ఎత్తులు గడిస్తే అవతలివాడు డ్రా అడగొచ్చు. అంత ఓపిక, ఆ గడువు లోపల!

చివరికి బోర్డు మీద ఏడు పావులు. ఏడు పావుల స్థితులకు కంప్యూటర్లు ఎప్పుడో జవాబు తేల్చాయి. సరిగ్గా ఆడితే ఇది డ్రా. కానీ ఏడు గంటలు దాటి కూర్చున్న మనిషి సరైన గడి వెతుక్కోవాలి, ప్రతి ఎత్తుకీ. 130వ ఎత్తులో నెపోమ్నియాషీ మంత్రిని ఈ-6లో పెట్టాడు. ఆరు ఎత్తుల్లో ఆట ముగిసింది. పోరు మొత్తం 7.5–3.5తో కార్ల్‌సన్‌ది.

మా బెడ్ స్పేస్ గదిలో పదింటికి లైటు ఆర్పేస్తాం. పై మంచం మీద అయస్కాంతాల బోర్డు తెరిచి, ఫోన్ వెలుతురులో ఈ ఆట ఆడుకుంటాను. ఎప్పుడూ నల్లవైపే తీసుకుంటాను, మంత్రికి ఎక్కడైనా సందు దొరుకుతుందేమోనని. నిన్న రాత్రి 104వ ఎత్తు దాకా వచ్చి, పావులు కదలకుండా బోర్డు తలగడ పక్కన పెట్టి పడుకున్నాను. పొద్దున అయిదున్నరకు కంపెనీ బస్సు.