పలకకూ కచేరీలో పీట

రాయలసీమ పల్లెల్లో తరచుగా చెవినపడే వాద్యం పలక. తెలంగాణలో దీన్ని డప్పు అంటారు, సీమలో తప్పెట అనే మాటా ఉంది. సీమలోని బద్వేలు చుట్టుపక్కల జాతరకైనా, ఊరేగింపుకైనా, చావుకైనా పలక మోగాల్సిందే.

గుండ్రటి కట్టె చట్రానికి, వెంట్రుకలు తీసి పదును చేసిన తోలును చింతగింజల బంకతో అంటించి, వెనక వారులతో లాగి కడతారు. పలకను ఎడమ భుజానికి తగిలించుకుంటారు. కుడిచేతి లావు సిర్ర దరువు వేస్తుంటే ఎడమచేతి చిటికెన పుల్ల దాని సందుల్ని నింపుతుంది.

వాయించే ముందు పలకను కాచాలి. ఇంత చొప్ప ముట్టించి, పలకను సెగకు తిప్పుతూ మధ్యమధ్య వేలితో తట్టి వింటారు. మొదట మొద్దుగా పలికిన తోలు, తేమ ఆరేకొద్దీ బిగిసి ఖంగుమంటుంది. సెగ ఎక్కువైతే చిట్లిపోతుంది. ఎక్కడ ఆపాలో చెప్పేది చెవే. వీణ బిరడా తిప్పే చేతికి ఏ విద్య కావాలో దీనికీ అదే కావాలి. గౌరవం మాత్రం అంత దక్కలేదు. చాటింపుకూ, శవం ముందు నడకకూ పలకను వెట్టిగా దళితుల మెడకు కట్టిన ఊరే, దాన్ని సంగీతం లెక్కలోంచి తీసేసింది. జనానికి పలక తెలియక కాదు, దాన్ని తక్కువగా చూడటం అలవాటై ఇలా జరిగింది.

ఇలాంటి వాద్యానికే మరోచోట గౌరవం దక్కింది. ఉజ్బెకిస్తాన్ దోయిరా కూడా గుండ్రటి చట్రానికి ఒకవైపే తోలు బిగించిన వాద్యం. చట్రం లోపల లోహపు రింగులుంటాయి, వేళ్లతో వాయిస్తారు. అక్కడి శాస్త్రీయ సంగీతమైన షష్‌మఖామ్‌లో తాళం దానిదే. ఆ సంగీతం 2008లో యునెస్కో జాబితాకెక్కింది.

బద్వేలు ప్రాంతంలో మిగతా వాద్యాలకు ఇంత అవమానం లేదు. ఇత్తడి బిళ్లలు గలగలలాడే చెక్కలకు చెక్కభజన బృందాలున్నాయి. దగ్గర్లోని బ్రహ్మంగారి మఠం పుణ్యమా అని తత్వాలతోపాటు తంబురా బతికింది.

ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారుల పింఛను 2024 జులై నుంచి నెలకు 4,000 రూపాయలు. వయసు మళ్లినవారికి అది నిజమైన ఆసరా. కానీ తోలు పదును చేయడం, కట్టడం, కాచడం కుర్రవాళ్ల చేతికి రావాలంటే పింఛను ఒక్కటే చాలదు. ఇప్పుడు ప్లాస్టిక్ పొర పలకలు వాడకంలోకి వచ్చాయి. వానకు మెత్తబడవు, మంటా అక్కర్లేదు. దాంతో ఆ పని నేర్చుకునే అవసరమే తగ్గుతోంది. అందుకే తోలు పలక కట్టే పెద్దలు ఉండగానే బడుల్లో వీణ, మృదంగం పక్కన పలకనూ పెట్టి, ఆ పాఠం వాళ్లచేతే, తగిన జీతమిచ్చి చెప్పించాలి.