ఫైలు లోపలి పనితనం

కలెక్టరేట్‌లో పాత ఫైలు చూసే అవకాశం వస్తే ముందు దాని నంబరు చదవండి. ‘ఆర్.సి. నం. ఇ1/1462/2009’ లాంటిదేదో ఉంటుంది. ‘ఇ’ అంటే సెక్షన్. 1 అంటే ఆ సెక్షన్‌లో ఒక అసిస్టెంటు సీటు. 1462 ఆ కాగితానికి పడిన వరుస సంఖ్య, చివరిది సంవత్సరం. ఫైలు తెరవకుండానే అది ఎవరి బల్ల మీద పుట్టిందో తెలిసిపోతుంది. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో టోటెన్‌హామ్ అనే అధికారి పేరుతో స్థిరపడిన పద్ధతి ఇది. కోస్తా, రాయలసీమ రెవెన్యూ ఆఫీసులు తరాల తరబడి దీనితోనే నడిచాయి.

ఆ అట్టలో రెండు భాగాలుంటాయి. బయటి నుంచి వచ్చిన అర్జీలు, ఉత్తరాలు, వాటికి పోయిన జవాబుల నకళ్లు కరెంట్ ఫైలులో ఉంటాయి. ఆ కాగితాల గురించి ఆఫీసు ఏమనుకుంటున్నదో నోట్ ఫైలులో ఉంటుంది. అసిస్టెంటు రాస్తే దాని కింద సూపరింటెండెంట్, ఆయన కింద పై అధికారి. పని తేలాక ఫైలు మీద ‘డిస్పోజల్’ గుర్తు పడుతుంది: ఆర్.డిస్. అయితే శాశ్వతంగా దాచాలి, డి.డిస్. అయితే పదేళ్లు, ఎల్.డిస్. అయితే ఏడాది. అంటే పుట్టిన చోటు, ఆలోచించిన క్రమం, పోవాల్సిన గడువు, మూడూ ఫైలు ఒంటిమీదే రాసి ఉంటాయి. ఇంత పొందికైన వస్తువును మనం ఎర్ర ట్యాగు చూసి వెక్కిరిస్తూ వచ్చాం.

జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రం, అదే ఎన్ఐసీ, తయారుచేసిన ‘ఈ-ఆఫీసు’ గొప్పతనం అర్థం కావాలంటే కాగితం ఫైలును ఇలా ముందు గౌరవించాలి. 2006 నాటి జాతీయ ఈ-పరిపాలన ప్రణాళిక నీడలో వచ్చిన ఈ సాఫ్ట్‌వేర్‌కు కేంద్ర సచివాలయ కార్యాలయ పద్ధతుల మాన్యువల్ ఆధారం. తయారీదారులు పాత ఫైలును పారేసి కొత్తది కనిపెట్టలేదు. దాని ప్రతి కీలునూ విప్పి చూసి, ఏది ఎందుకుందో తెలుసుకుని మళ్లీ బిగించారు.

మొదటి మెట్టు తపాలు. వచ్చిన అర్జీని స్కాన్ చేసి, ఎవరు రాశారు, ఏ తేదీన, ఏ విషయం మీద అన్న వివరాలు నింపితే దానికి రసీదు నంబరు పడుతుంది. ఆఫీసులో దీన్ని ‘డైరైజ్ చేయడం’ అంటారు. చూడటానికి చిన్న పనే గానీ తర్వాత జరిగే వెతుకులాటంతా ఈ గళ్ల మీదే ఆధారపడుతుంది. విషయం గడిలో ‘అర్జీ’ అని మాత్రమే కొట్టి వదిలేస్తే ఆ కాగితం వేల అర్జీల్లో మునిగినట్టే. శ్రద్ధగల తపాలు గుమాస్తా అక్కడ సర్వే నంబరూ గ్రామం పేరూ కూడా రాస్తాడు.

రసీదును ఫైలులో పెట్టి తెరిస్తే తెర రెండుగా చీలుతుంది. ఎడమ వైపు నోట్లు, కుడి వైపు ఉత్తరాలు. పాత నోటులో ‘పేజీ 17/సి చూడగోరుతాను’ అని రాస్తే పై అధికారి కాగితాలు తిప్పుకోవాలి, లేదా అసిస్టెంటు అక్కడ చీటీ అంటించి ‘ఫ్లాగ్ ఎ’ అని రాయాలి. ఇక్కడ ఆ పేజీ ప్రస్తావనే లంకె. నొక్కితే కుడి వైపు పదిహేడో పేజీ వచ్చి నిలుస్తుంది.

నోట్లకు రెండు రంగులున్నాయి. పసుపు నోటు చిత్తుప్రతి. దిద్దవచ్చు, కొట్టేయవచ్చు, అసలు వద్దనుకోవచ్చు. ఖాయం చేస్తే అది ఆకుపచ్చ నోటు అవుతుంది. ఆ రంగు సచివాలయంలో నోట్లు రాసే లేతాకుపచ్చ కాగితం నుంచి వచ్చింది. ఫైలు పై బల్లకు వెళ్లిన క్షణం నుంచి ఆకుపచ్చ నోటులో ఒక్క అక్షరం మారదు. రాసినవారి పేరు, హోదా, తేదీ, సమయం వాటంతటవే కింద పడతాయి. పై అధికారికి నచ్చకపోతే తన అసమ్మతిని కింద తన పేరుతో రాసుకోవాలే గానీ పైదాన్ని తాకలేరు.

ఈ కట్టుబాటు వెనక గణితం ఉంది. అధికారి దగ్గర యూఎస్‌బీ టోకెన్ ఒకటి ఉంటుంది. ఆయన రహస్య తాళం అందులోనే పుట్టి అందులోనే ఉంటుంది, బయటికి రాదు. సంతకం చేసేటప్పుడు కంప్యూటర్ నోటు మొత్తాన్ని చదివి దాని నుంచి ఒక పొట్టి సంఖ్య తీస్తుంది. ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో అయితే అది 256 బిట్లు, నోటు ఒక వాక్యమైనా వంద పేజీలైనా అంతే. అది ఆ నోటుకు వేలిముద్ర లాంటిది. ఒక కామా మార్చినా సంఖ్య గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. ఆ సంఖ్య మీద రహస్య తాళంతో వేసిన ముద్రే డిజిటల్ సంతకం. రహస్య తాళానికి జతగా అందరికీ అందుబాటులో ఉండే బహిరంగ తాళంతో దాన్ని ఎవరైనా సరిచూడవచ్చు. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం ఈ సంతకానికి చేతి సంతకంతో సమానమైన విలువ ఇచ్చింది. వైట్‌నర్ పూసి దిద్దితే దొరికిపోతామన్న భయం కాపాడిన నియమాన్ని ఇప్పుడు లెక్క కాపాడుతోంది.

నాకు అన్నిటికన్నా ముచ్చటగా తోచేది మరొకటి. కాగితం ఫైలు ఒక సమయంలో ఒకచోటే ఉండగలదు. అది కాగితానికి పుట్టుకతో వచ్చిన పరిమితి. కంప్యూటర్‌కు ఆ పరిమితి లేదు, ఒకే ఫైలును వందమందికి ఒకేసారి చూపగలదు. అయినా తయారీదారులు ఆ పరిమితిని కావాలనే నిలబెట్టారు: ఫైలు ఒక్కరి ఇన్‌బాక్స్‌లోనే ఉంటుంది. ‘ఫైలు ఎవరి దగ్గర ఉంది?’ అంటే జవాబు ఒకే ఒక పేరు. వందమంది చేతుల్లో ఉన్న పని ఎవరి పనీ కాదని ఆఫీసు తెలిసినవారికి చెప్పనక్కర్లేదు.

అయితే ఆ ఒక్క చోటు నుంచి కదిలించడానికి దారులు పెట్టారు. పొరపాటున పంపిన ఫైలును అవతలివారు తెరవకముందే వెనక్కి లాక్కోవచ్చు. కింది బల్ల మీద ఆగిన దాన్ని పై అధికారి తన దగ్గరికి తెప్పించుకోవచ్చు. కోర్టు వాయిదా దాకా చేయగలిగిందేమీ లేకపోతే ‘పార్క్’ చేసి పక్కన పెట్టవచ్చు. ప్రతి కదలికా గంట, నిమిషంతో సహా నమోదవుతుంది. చివరికి ఆమోదం పొందిన జవాబుకు నంబరు వేసి పంపుతారు. దాని ముందరి చిత్తుప్రతులు కూడా ఫైలులోనే మిగులుతాయి.

కంపెనీల్లో బిల్లుల చెల్లింపు సాఫ్ట్‌వేర్ దారి వేరు. అక్కడ కొనుగోలు ఆర్డరు, సరుకు అందిన రసీదు, బిల్లు మూడూ సరిపోలితే చెల్లింపు దానంతటదే ముందుకు కదులుతుంది. రోజూ ఒకేలా వచ్చే పనికి అది చక్కగా నప్పుతుంది. రెవెన్యూ ఫైలు అలా కాదు, రేపు సర్వేయర్‌కు వెళ్తుందో ప్రభుత్వ న్యాయవాదికి వెళ్తుందో నోటు రాసే మనిషి తేల్చాలి. అందుకే ఇక్కడ తదుపరి బల్లను ఎంచుకునే స్వేచ్ఛ మనిషికే ఉంచారు. ఆ విచక్షణను యంత్రానికి అప్పగించకపోవడం తెలివైన పని.

కోవిడ్ రోజుల్లో కేంద్ర మంత్రిత్వ శాఖల అధికారులు ఇళ్ల నుంచే ఫైళ్లు నడపగలిగారంటే దీని పుణ్యమే. లోటు లేదని కాదు. అధికారి తన టోకెన్‌నూ పిన్‌నూ పీఏ చేతిలో పెడితే ఇంత గణితమూ వృథా. వంకరగా స్కాన్ చేసిన మసక పేజీని ఏ వెతుకులాటా పట్టుకోలేదు.

మీరు ఈ-ఆఫీసు నడిచే కార్యాలయంలో అర్జీ ఇస్తే రసీదు నంబరు అడిగి రాసుకోండి. పని ఆగిందనిపిస్తే, 2005 సమాచార హక్కు చట్టం కింద ఆ నంబరు వేసి, అర్జీ ఏ ఫైలులో చేరింది, ఏ తేదీన ఏ బల్ల మీద ఉంది, దాని మీద ఏం నోట్లు రాశారు అని అడగండి. చట్టంలోని మినహాయింపుల కిందికి రానంతవరకూ నోట్ల నకళ్లు కూడా ఇవ్వాల్సిందే.