ఆంగ్లపు పలుకుబడి - ఇంటి నుడికారము

ఒక భాషలోని మాటలను నేర్చుట వేఱు, ఆ భాషలో మాటాడుట వేఱు. ఈ రెంటి నడుమ నున్న దూరమును కొలుచునది జాతీయము. ఆంగ్లమున దీనిని 'ఇడియమ్' అందురు. ఆ పదమునకు మూలమైన గ్రీకు మాటకు 'తనది, సొంతమైనది' అని యర్థము. తెలుగున నుడికార మనియు, పలుకుబడి యనియు చెప్పుదురు. పేరులోనే తెలియుచున్నట్లు ఇది ఒక జనము యొక్క సొంత సొత్తు. అందలి పదములను విడదీసి అర్థములు కూర్చినచో భావము చేతికి చిక్కదు. 'రెయినింగ్ కేట్స్ అండ్ డాగ్స్' అను వాక్యమున పిల్లులును లేవు, కుక్కలును లేవు. కుండపోతగా కురియు వాన మాత్రమే కలదు. అట్లే 'చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లు' అను మాటను నిజముగా చేయి కాలినవానిని గూర్చి ఎవరును వాడరు.

కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రములలో తరతరములుగా నెలకొనియున్న తెలుగు కుటుంబముల పిల్లలకు ఈ విషయము వ్యాకరణ చర్చ మాత్రమే కాదు. వారికి ఇంట వినవచ్చునది తెలుగు. వీథిలో వినవచ్చునది రాష్ట్రభాష. పరీక్షలో మార్కులు తెచ్చునది ఆంగ్లము. మూడు భాషల పదములు వారి నాలుకపై నుండును. కాని వానిలో ఏ యొక్కదాని నుడికారమైనను వారికి పూర్తిగా వశమగుచున్నదా? ఆంగ్ల జాతీయములను బోధించు తీరును, అవి తెలుగులోనికి దిగివచ్చు తీరును పరిశీలించినచో ఈ ప్రశ్నకు కొంత సమాధానము దొరకును.

మొదట బోధనను చూడవలెను. పరీక్షకై వ్రాసిన సహాయ గ్రంథములలో ఆంగ్ల జాతీయములు పట్టికగా నుండును. ఎడమవైపున జాతీయము, కుడివైపున అర్థము, క్రింద 'సొంత వాక్యములలో ప్రయోగింపుము' అను ఆదేశము. బాలుడు ఎడమను కుడితో కలిపి కంఠస్థము చేయును. ఇంకను తెలివిగలవాడు 'మా తండ్రిగారికి ఈ జాతీయము యొక్క అర్థము తెలియును' అని ఒకే వాక్యమును అన్నింటికిని అతికించును. వాక్యములో వ్యాకరణ దోషము లేదు; ప్రయోగమును లేదు. తప్పు బాలునిది కాదు. ఏ మాట ఎవరు, ఎవరితో, ఎట్టి సమయమున అందురో ఆ పట్టిక అతనికి చెప్పలేదు.

సందర్భము తెలియని జాతీయము ఎంత అపాయకరమో ఒక్క యుదాహరణము చాలును. 'కిక్ ది బకెట్' అనగా చనిపోవుట అని పట్టిక చెప్పును. అది నమ్మి, తాతగారు మరణించిన కారణమున సెలవు కోరుచు ప్రధానోపాధ్యాయునికి వ్రాయు లేఖలో బాలుడు ఆ మాట వాడినచో అర్థము సరిపోవును, మర్యాద మంటగలియును. ఆంగ్లమున అది హాస్యముగా, ఒకింత నిర్లక్ష్యముగా అనుమాట. ఈ భేదమును బోధించుటకు ఆంగ్ల నిఘంటువు కంటె తెలుగిల్లే మేలైన సాధనము. పెద్దలు పోయినప్పుడు 'కాలము చేసినారు' అందురు. వైష్ణవుల యిండ్లలో 'పరమపదించినారు', శైవుల యిండ్లలో 'శివైక్యము చెందినారు' అందురు. ఆత్మీయుని గూర్చి 'కన్నుమూసినాడు' అందురు. అదే మనిషిని పరిహాసముగా 'బాల్చీ తన్నినాడు' అనువారును లేకపోలేదు. ఈ చివరి మాట ఆంగ్లపు బకెట్టుకు తెలుగు బాల్చీ తొడిగి తెచ్చినదే. అది తెలుగున చెల్లిన చోటు కూడ వేళాకోళమే యగుట గమనింపదగినది. మాటతోపాటు దాని స్థాయియు దిగివచ్చినది. తన తెలుగులోని ఈ మెట్లు తెలిసిన బాలునికి ఆంగ్లములోని మెట్టు చూపుట క్షణములో పని.

ఇక అనువాదము. జాతీయమునకు వెనుక ఒక వాతావరణము ఉండును. ఇది అలంకారముగా అనుచున్న మాట కాదు. ఇంగ్లండు చలిదేశము. అక్కడ వెచ్చదనము సుఖము, చల్లదనము బాధ. కావున ప్రీతితో చేసిన స్వాగతము 'వార్మ్', ముభావముగా చేసినది 'కోల్డ్'. తెలుగువారిది ఎండలదేశము. ఇక్కడ దీవెన 'చల్లగా ఉండుము' అని; దయగల చూపు 'చల్లని చూపు'; మేలు చేసిన తల్లి 'చల్లని తల్లి'; సంతాన సౌఖ్యమును కోరునప్పుడు 'నీ కడుపు చల్లగా' అందురు. ఇట్టి భాషలోనికి 'వెచ్చని స్వాగతము'ను తెచ్చినచో అది ఒంటికి పట్టని చొక్కావలె నుండును. దాని కెదురు మాటను 'చల్లని స్వాగతము' అని తెచ్చినచో అర్థమే తలక్రిందులగును. ఆంగ్లము తెలియని అవ్వ దానిని ఆదరణయే యనుకొనును. 'బ్రేక్ ది ఐస్' అనుదానిని 'మంచు పగులగొట్టుట' అని వ్రాయువారు కలరు. నదులు గడ్డకట్టని దేశమున ఆ మాటకు ఆధారమేమి? కొత్తవారి నడుమ బిడియము పోగొట్టుటకు తెలుగున 'మాట కలుపుట' అను చక్కని పలుకు కలదు. మూడు పదముల ఆంగ్లమునకు రెండు పదముల తెలుగు చాలినది.

కథలును ఇట్లే అడ్డుపడును. ఆదాయము లేక వ్యయము మాత్రమే పెంచు ఆస్తిని ఆంగ్లమున 'వైట్ ఎలిఫెంట్' అందురు. సయాము రాజు తనకు గిట్టని సభాసదునికి తెల్ల ఏనుగును బహూకరించెననియు, దానిని పోషింపలేక వాడు చితికిపోయెననియు అక్కడ చెప్పుకొను కథ. ఇప్పుడు పత్రికలలో నష్టములు తెచ్చు సంస్థను 'తెల్ల ఏనుగు' అనుట పరిపాటి యైనది. కాని తెలుగువాని ఊహలో తెల్లయేనుగు ఐరావతము. పాలకడలిలో పుట్టి ఇంద్రుని వాహనమైనది. ఐశ్వర్యమునకు గుర్తైన దానిని దివాలాకు గుర్తుగా వాడుట ఆంగ్ల కథ తెలిసినవారికి మాత్రమే చెల్లును. 'ఆపిల్ ఆఫ్ ది ఐ' అనుమాట ఇంకను వింతయైనది. పూర్వము ఆంగ్లమున కంటిపాపను గుండ్రని వస్తువుగా భావించి 'ఆపిల్' అనెడివారు. ఆ సంగతి తెలియక పండును అనువదించినవాడు నవ్వులపాలగును. తెలిసినవాడు 'కంటిపాప' యని వ్రాసి ఇంటికి చేరును.

ఐనను దిగివచ్చిన ప్రతి మాటయు దోషమే యనుట న్యాయము కాదు. 'మొసలి కన్నీరు' ఆంగ్లమునుండి వచ్చినదని నేడెవరును తలపరు. కోతిని వంచింపజూచిన మొసలి కథను పంచతంత్రములో విన్న జనమునకు దొంగకన్నీరు కార్చు మొసలి కొత్తచుట్టము కాలేదు. 'అందని ద్రాక్షపండ్లు పుల్లన' అనునది ఈసపు కథతోపాటు వచ్చి, ద్రాక్షతోటలు లేని యూళ్ళలో సైతము చెల్లుచున్నది. 'ఒకే దెబ్బకు రెండు పిట్టలు' అనునదియు అట్టిదే. తెలుగున 'స్వామికార్యము, స్వకార్యము' అను సామెత ఉన్నను, అది దొర పనితోపాటు తన పని నెరవేర్చుకొనుటకే పరిమితము; పిట్టల మాట అంతకంటె విశాలమైనది. లేని చోటు నింపినది గావున నిలిచినది. కావున పరీక్ష ఒక్కటే: ఆంగ్లము బొత్తిగా తెలియని పెద్దమనిషికి ఆ మాట వినిపించినచో, వెనుక ఆంగ్లమును నిలువబెట్టకయే అతనికి భావము తోచునా? తోచినచో అది తెలుగు. తోచనిచో తెలుగు లిపిలో నున్న ఆంగ్లము.

ఈ పరీక్షలో ఓడిపోవునవి వింత జాతీయముల కంటె, దినపత్రికలలో నిత్యము కనబడు చిన్న మాటలే ఎక్కువ. 'వర్షాభావము కఱవునకు ప్రధాన పాత్ర వహించినది' అని వ్రాయుదురు. పాత్ర వహించుట నాటకములో మనుష్యుల పని. వాన లేకపోవుట వేషము కట్టదు. 'వానలు లేక కఱవు వచ్చినది' అనినచో ఏమి కొఱవడినది? 'మోసము వెలుగులోనికి వచ్చినది' అందురు; 'బయటపడినది' అను మాట ఏమైనది? వింతయైన మాటను చదువరి వెంటనే గుర్తించి నవ్వును. ఇట్టివి నవ్వు పుట్టింపక, నెమ్మదిగా వాక్యపు ఎముకలనే మార్చును. తెలుగు వ్రాతకు పత్రికయు, పాఠ్యపుస్తకమును మాత్రమే ఆధారములుగా గల పొరుగు రాష్ట్రపు తెలుగు బాలుడు ఇదియే ఒప్పు తెలుగనియు, తన అమ్మమ్మ మాట మోటదనియు భావించును. నష్టమంతయు ఇక్కడనే యున్నది.

జాతీయమునకు జాతీయమును జతచేయుటయు తొందరపాటుతో చేయదగినది కాదు. కొన్ని జతలు ముందే కుదిరియున్నవి. అవ్వకు గ్రుడ్డు పీల్చుట నేర్పవలదని ఆంగ్లేయులు చెప్పుదురు. తెలుగువారు 'తాతకు దగ్గులు నేర్పినట్లు' అందురు. రెండు చోట్లను ఎగతాళి ముదుసలి ముందు తెలివి చూపు కుఱ్ఱవానిదే. 'ఔట్ ఆఫ్ ది ఫ్రైయింగ్ పాన్' మొదలుగాగల మాటయు, 'పెనము మీదినుండి పొయ్యిలో పడినట్లు' అనునదియు ఒక్క వంటింటిలో పుట్టినట్లే యుండును. కాని ఒలికిన పాలకై ఏడ్వవలదను ఆంగ్లపు మాటకు 'గతజలసేతుబంధనము'ను జతచేయుట పొరపాటు. మొదటిది వ్యర్థశోకమును వారించునది; రెండవది ఆలస్యముగా చేసిన ప్రయత్నమును ఎత్తిపొడుచునది. గుఱ్ఱము పాఱిపోయిన పిదప శాలతలుపు మూయుట అను మఱియొక ఆంగ్ల జాతీయమే దానికి సరియైన జత. ఒలికిన పాలకు 'జరిగినదేమో జరిగినది' అను ఇంటి ఓదార్పు చాలును. ఇట్టి తారతమ్య విచారణయే నిజమైన భాషాబోధన.

ఈ విచారణకు పొరుగు రాష్ట్రముల తెలుగు పిల్లలకు గల వసతి ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రముల పిల్లలకు లేదు. 'బిట్వీన్ ది డెవిల్ అండ్ ది డీప్ సీ' అను జాతీయమును తీసికొనుడు. ఒకవైపు సైతాను, మఱియొకవైపు లోతైన కడలి. ఓడలు నడపిన జాతి మాట. తెలుగున 'ముందు నుయ్యి, వెనుక గొయ్యి'. కోలారులోనో బళ్ళారిలోనో చదువు బాలుడు కన్నడమున 'అత్త దరి, ఇత్త పులి' అని వినియుండును; ఒక వంక లోయ, ఒక వంక పులి. హోసూరు బాలునికి తమిళమున రెండుకొనలు మండుచున్న కొఱవిలో చిక్కిన చీమ తెలియును. షోలాపురపు నేతగాని బిడ్డ మరాఠీలో 'ఇకడే ఆడ్, తికడే విహీర్' అనుమాట నెఱుగును. ఇటును బావియే, అటును బావియే. 1954 వఱకు ఫ్రెంచివారి పాలనలో నున్న యానాముకు ఫ్రెంచి భాషయు పరిచితమే. ఆ భాషలో అదే సంకటమును సుత్తికిని దాగలికిని నడుమ చిక్కుట యందురు. సంకటము ఒక్కటే, చూచిన కన్నులు వేఱు. ఈ వరుసను నల్లబల్లపై వ్రాసి చూపినచో జాతీయమనగా నేమో నిర్వచనము చెప్పకయే పిల్లలు గ్రహింతురు. ఏ భాషయు మఱియొకదాని కంటె తక్కువది కాదనియు గ్రహింతురు.

ఇది కొత్త త్రోవ కాదు. 1852లో వెలువడిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను తెలుగు-ఆంగ్ల నిఘంటువులో ఇంటి వాడుకలకు చోటు దొరకినది. 1868లో కెప్టెన్ కార్ తెలుగు సామెతలను కూర్చి, ఆంగ్లమున వివరించి చెన్నపట్టణమున ప్రకటించెను. 20వ శతాబ్దపు తొలి దశాబ్దమున పాఠశాలల పరీక్షాధికారి యేట్సు భాషను సహజముగా, మాటాడు తీరున నేర్పవలెననెను. నేర్పు తెలుగునకును పలుకు తెలుగునకును ఇంత యెడమేలయని ప్రశ్నించెను. ఆ ప్రశ్నను పట్టి ఉద్యమము నడపిన గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులు. ఆ పట్టణము 1936లో ఒడిశాలో చేరినది. అనగా జీవద్భాషను గూర్చిన ఆ వాదము నేడు ఒడిశాలో నున్న ఒక తెలుగు ఉపాధ్యాయుని బడినుండి బలము పుంజుకొన్నది. పొరుగు రాష్ట్రముల తెలుగువారికి ఇది గర్వకారణము, బాధ్యతయు.

1956లో రాజ్యాంగమున చేర్చిన 350-ఏ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పింపవలెనని చెప్పుచున్నది. బడి, పుస్తకము, ఉపాధ్యాయుడు శాసనము వలన రావచ్చును, నుడికారము రాదు. అది అవ్వల నోటను, మగ్గము దగ్గఱను, సంతలోను ఉన్నది. ఆంగ్ల జాతీయముల పట్టికకు ఉపాధ్యాయులు మూడవ వరుస నొకదానిని చేర్చుట మేలు. 'ఇట్టి సందర్భమున మీ యింటిలో ఏమందురు?' అని దానికి శీర్షిక పెట్టవచ్చును. బాలుడు ఇంటికి పోయి అడిగి వ్రాసికొని రావలెను. దాని వలన ఆంగ్లమునకు నష్టము లేదు. సందర్భము తెలిసి నేర్చిన మాట పరీక్షలోనే కాక బ్రదుకులోను నిలుచును. ఆ ప్రశ్న అడిగిన దినమున అవ్వ మాటకు బడిలో విలువ యున్నదని బాలునికి తెలియును. అడుగకున్నచో, ఆ అవ్వతోనే ఆ మాటయు పోవును.